చూచినవాడి పేరు

మాచర్లలో స్టేషన్ రోడ్డు వెనక సందులో నాపరాతి గోడల అచ్చాఫీసు ఒకటి ఉండేది. 1946 చివరి నెలల్లో, పొద్దు గుంకిన తరవాత ఆ సందున మనిషి నడిచేవాడు కాదు.

దయ్యాల పేరు పడ్డ చోట్లకు సాధారణంగా సాక్షి దొరకడు. ఎవరినడిగినా చూసింది తాను కాదంటాడు, తన బావమరిదో ఎవరో అంటాడు. ఈ ఇంటి సంగతి అట్లా కాదు. నాలుగు నెలల్లో ముగ్గురు, పేరూ ఊరూ ఉన్న మనుషులు, తాము స్వయంగా విన్నామని చెప్పారు. ముగ్గురూ చెప్పింది ఒకటే. తాళం వేసిన తలుపు వెనక… టిక్… టిక్… సీసపు అక్షరం ఇనప పట్టీలో కూచున్న చప్పుడు. ముగ్గురిలో కడపటివాడు ఆ వీధికి కాపలా ఉన్నవాడే. తలుపుకు చెవి ఆనించి విని, వెనక్కి పరుగెత్తబోయి, గుమ్మం బండకు నుదురు పగలగొట్టుకున్నాడు.

లోపల మనిషిని చంపారు గనక, అనేవాళ్ళు ఊళ్ళో. ఎవరు చంపారన్నది మాత్రం ఎవరూ అనేవాళ్ళు కాదు. అది అందరికీ తెలుసు.

ఆనందరావుకు మరికొంచెం ఎక్కువ తెలుసు. చంపుతున్నప్పుడు అతను అటక మీద ఉన్నాడు.

గుంటూరు కాలేజీలో ఇంటర్ తప్పి వచ్చి, ఆ అచ్చాఫీసులో ఇమాం సాహెబ్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. ఏడాదిన్నర నేర్చుకున్నాడు. మొదటి ఆరు నెలలూ సాహెబు అతని చేత ఒక్క పంక్తి కూడా కట్టనివ్వలేదు. కళ్ళకు తువ్వాలు కట్టి, అచ్చయిపోయిన అక్షరాలను మళ్ళీ ఏ అరలోది ఆ అరలో వేయించేవాడు. తెలుగుకు నాలుగు వందల పైచిలుకు అరలు. తప్పు అరలో వేస్తే వేలి కణుపు మీద కొలబద్ద పడేది.

"కళ్ళతో నేర్చిన పని దీపంతో పాటే ఆరిపోద్దిరా," అనేవాడు. "వేళ్ళకు నేర్పు."

తరవాత కొలతలు నేర్పాడు. శీర్షిక ఎంత లావు ఉండాలో, దాని చుట్టూ ఎంత తెలుపు వదలాలో నేల బండల మీద సుద్దతో గీసి చూపేవాడు. "అక్షరాలు సంతలో జనం లెక్క తోసుకోగూడదు. మాట మాటకీ మనిషి ఊపిరి పీల్చుకునే చోటు ఉండాల."

ఆ యేడు కంట్రోలు బియ్యం ఊరి కామందు వెంకట్రామయ్య కొట్లోంచి రాత్రికి రాత్రి బళ్ళమీద వెళ్ళిపోతుంటే, ఏ బండి ఏ రోజు వెళ్ళిందో వివరంగా ఆనందరావు ఒక కరపత్రం రాశాడు. సాహెబు కట్టి, అచ్చు వేశాడు. అడుగున రాసినవాడి పేరు వేయలేదు.

నాలుగో రోజు చీకటి పడుతుండగా నలుగురు వచ్చారు. ఆనందరావు కాగితం రీముల కోసం అటక ఎక్కి ఉన్నాడు. తలుపు గడియ పడిన చప్పుడుకు అక్కడే బోర్లా పడుకుండిపోయాడు.

"రాసిందెవడ్రా?"

"తెలవదు."

ట్రెడిల్ అంటే నోరు తెరుస్తూ మూస్తూ ఉండే ఇనప యంత్రం. కింద కాలితో తొక్కితే పైన రెండు పలకలు కరుచుకుంటాయి. మధ్యలో కాగితం పెట్టాలి. వాళ్ళు సాహెబు కుడి చేయి పెట్టారు. వెంకట్రామయ్య జీతగాడు పుల్లయ్య తొక్కాడు. మొదటి తొక్కుకు వేళ్ళు పోయాయి. అటక పలకల సందులోంచి చూస్తున్న ఆనందరావుకు ఎముకల చప్పుడు వినిపించింది, పచ్చి చెరకు విరిచినట్టు.

"ఇప్పుడు తెలిసిందా?"

"తెలవదు."

రెండో తొక్కుకు మణికట్టు. మూడోదానికి మోచేయి దాకా. నాలుగోసారి అడగలేదు. అక్షరాలు బిగించే ఇనప చట్రం తీసుకుని వెంకట్రామయ్యే తల మీద కొట్టాడు… ఒకటి… రెండు… ఆ తరవాత కొట్టింది మనిషిని కాదు, మాంసాన్ని.

అంతసేపట్లో ఇమాం సాహెబ్ ఒక్కసారి కూడా పైకి చూడలేదు.

ఊరి పెద్దలు రాసిన పంచనామాలో యంత్రంలో చేయి ఇరుక్కొని మరణము అని ఉంది. ఆనందరావు నోరు విప్పలేదు. సాహెబు భార్య ఖైరున్నీసా గడప కూడా తొక్కలేదు. ఏ మొహం పెట్టుకుని తొక్కుతాడు?

నాలుగు నెలలు గడిచాక ఒక సాయంత్రం, జట్కా తోలే మౌలాలీ అతన్ని రోడ్డు మీద ఆపాడు.

"ఏంది ఆనందం, అచ్చాఫీసు దయ్యాన్ని కామందు కొన్నాడంట, విన్నావా? రేపు పొద్దున తాళం తీసి, సీసమంతా కరిగిస్తారంట."

"దయ్యాన్నీ కరిగిస్తారా?"

"దాన్ని కూడా తూకానికే అమ్ముతాడులే, ఆయన సంగతి తెలవదా," అని నవ్వి, గుర్రాన్ని అదిలించబోయి ఆగాడు. గొంతు తగ్గించాడు. "లోపల కాయితాలన్నీ ముందు తనకు చూపమన్నాడంట. ఆ పత్రం రాసినోడి దస్తూరీ కావాలంట. దొరికిన రోజున వాడి రెండు చేతులూ పోతాయంట."

దస్తూరీ ఆనందరావుది. అచ్చుకని తాను రాసిచ్చిన కాగితం ఇంకా అచ్చాఫీసు గోడ మీద ఇనప చువ్వకే గుచ్చి ఉంది.

రెండో జాము దాటాక పెరటి గోడ దూకాడు. సందు మొగదల కొత్త కాపలావాడు బల్లెం పక్కన పెట్టుకుని నెగడు కాచుకుంటున్నాడు గనక దీపం మాట లేదు. పెరటి తలుపు సందులోంచి పుల్ల పెట్టి గడియ ఎత్తి, లోపలికి జారాడు.

దయ్యాలంటే అతనికి నమ్మకం లేదు. ఎలుకలుంటాయి, రాత్రి చలికి ముడుచుకునే ఇనుము ఉంటుంది, భయపడ్డ చెవులుంటాయి… ఈ మూడూ చాలు ఏ ఇంటినైనా చెడగొట్టడానికి. పన్నెండు అడుగులు లెక్కపెట్టుకుని నడిచాడు. యంత్రం పక్కగా పోతుంటే పంచె దాని అంచుకు తగిలింది.  గోడ తడిమాడు. చువ్వ… కాగితం. తీసి, మడిచి, రొంటిన దోపుకున్నాడు.

బతికాడు. ఇక వెళ్ళిపోవచ్చు.

తిరగబోతూ చేయి బల్ల మీద ఆనించాడు. వేళ్ళకు సీసం తగిలింది. కట్టిన పంక్తులు.

ఆ రాత్రి చంపి వెళుతూ వాళ్ళు బల్ల మీదివన్నీ నేలకు ఈడ్చి కొట్టారు. అది అతను కళ్ళారా చూశాడు. మరి ఇవి…? బల్ల చెక్కను గోటితో గీరాడు. వేలెడు దుమ్ము. అక్షరాల మీద రుద్దాడు. ఏమీ లేదు.

కూచుని, అద్దంలోలా తిరగబడి ఉండే ఆ అక్షరాలను వేలి కొనతో ఒక్కొక్కటే చదివాడు.

ఇమాం సాహెబు చేయి ఈ యంత్రములో పెట్టి తొక్కి, పిదప తల పగులగొట్టినవారు—

తరవాత నాలుగు పంక్తుల్లో అక్షరం లేదు. కావలసిన అక్షరం చేతికి అందనప్పుడు కంపోజిటరు ఆ చోట మరేదో అక్షరాన్ని తలకిందులుగా నిలబెట్టి ఉంచుతాడు, తరవాత మార్చడానికి. అట్లా పాదాలు పైకి పెట్టిన అక్షరాలు, నాలుగు వరసలు. వాటి కింద మళ్ళీ ఒక మాట.

చూచినవాడు—

దాని పక్కన కూడా పాదాలే.

అప్పుడే వెనక తలుపు కిర్రుమంది.

చేతికి దొరికిన కొయ్య సుత్తి ఎత్తి, అలికిడి వచ్చిన వైపు బలం కొద్దీ కొట్టాడు. గోడ పెచ్చు ఎగిరిపడింది. చీకట్లో ఒక ఆడగొంతు గుసగుసగా,

"ఇంకొంచెం పక్కకు కొడితే ఈ ఇంట్లో రెండో పీనుగ లేచేదే, నాయనా."

ఖైరున్నీసా. పైట చాటున ప్రమిద ముట్టించింది. చెవి పక్కన గోరంత దూరంలో గోడ బద్దలై ఉంది.

ఆనందరావుకు మరుక్షణం అన్నీ అర్థమయ్యాయి. మునుపు ఎప్పుడైనా నేల మీద చెదిరిపోయిన సీసాన్ని సాహెబు బుట్టకెత్తి ఇంటికి పంపితే, ఏరి వేరు చేసేది ఈమే. బడి మొహం చూడలేదు; కాగితం మీది తెలుగు చదవడం రాదు; సీసం మీది తెలుగు మాత్రం వేలితో చదువుతుంది. ఊరు విన్న దయ్యం ఇదన్నమాట. పగలు చెప్పలేని మాటను రాత్రుళ్ళు వచ్చి కట్టుకుంటున్న ఇల్లాలు.

"ఇన్నాళ్ళూ నువ్వేనా, పిన్నమ్మా?"

"ఏంది నేను?"

"ఈ పంక్తులు కట్టింది."

ఆమె దీపం కిందికి దించింది. వంగి, ఒక వేలితో మొదటి పంక్తి వెంట నెమ్మదిగా పోయింది. యంత్రములో అన్న మాట దగ్గర వేలు ఆగింది. మళ్ళీ కదిలింది. చివరిదాకా పోయింది.

"మొగుడు పోయినాక నాలుగు నెలల పది రోజులు మాకు గడప దాటే రివాజు లేదు," అంది. "ఇద్దత్ అంటాం. నిన్నటితో తీరింది నాకు. రేపు అన్నీ పట్టకపోతారంటే, ఆయన కళ్ళజోడన్నా తెచ్చుకుందామని ఇయ్యాళ్ళే బయటికొచ్చా."

ఆనందరావు ఆమెను చూశాడు. బల్లను చూశాడు. ఎలుకలు… ఇనుము… భయపడ్డ చెవులు… ఒక్కటీ పనికి రాలేదు.

"మరి…"

"మాట మాటకీ చోటు చూడు," అందామె. "ఇంత తెలుపు వదిలేది ఎవరో నీకు నేను చెప్పాల్నా?"

"ఆయనకు వాళ్ళ పేర్లు తెలుసుగా. ఎందుకు వదిలాడు?"

"పేరు చెప్పమంటే చెప్పకనే గదా చచ్చింది. ఇప్పుడు మటుకు చెప్తాడా?"

బయట బల్లెం బండకు తగిలిన చప్పుడు… ఆగింది… దూరమైంది.

"నేనిక్కడే ఉన్నా, పిన్నమ్మా."  "ఆ రాత్రి. అటక మీద. ఆ పత్రం రాసింది కూడా నేనే."

ఆమె దీపం రెండు చేతులతో పట్టుకుని అతని భుజం మీదుగా ఎత్తింది.

"పేర్లు ఊరంతా గొణుగుతానే ఉంది," అంది. "చూశానన్నోడే లేడు. చూసినోడు లేకపోతే అది ఒట్టి దయ్యం కథ, నాయనా."

ఆనందరావు నలుగురి పేర్లూ పెట్టాడు. వెంకట్రామయ్య, పుల్లయ్య, ఆ వెనక ఇద్దరు. పాదాలు తీసి అక్షరాలు నిలబెడుతుంటే వేళ్ళు ఎక్కడా తడబడలేదు. అయిదో చోటికి వచ్చాక ఆగిపోయాయి.

ఆ చోట అలాగే వదిలి పోవచ్చు. రొంటిన కాగితం భద్రంగా ఉంది. పేరు పెట్టి అచ్చు వేస్తే రేపు ఈ చేతులు ఆ యంత్రంలో ఉంటాయి.

 ప్రమిదలో చమురు చిటచిటలాడింది.

అతను అక్షరాల అరల వైపు చేయి చాచి, తన పేరులో మొదటి అక్షరం ఉండే అరలో వేళ్ళు పెట్టాడు. మార్గశిరపు చలికి అరల్లోని సీసమంతా మంచుగడ్డలా ఉంది. పైనున్న ఒక్క అక్షరం మాత్రం వెచ్చగా తగిలింది, ఎవరో అప్పటిదాకా గుప్పిట్లో పట్టుకుని కూచున్నంత వెచ్చగా.

తల తిప్పి చూశాడు. ఆమె రెండు చేతులూ దీపానికే ఉన్నాయి.

ఆ అక్షరాన్ని తీసి, చూచినవాడు అన్న మాట పక్కన, ఒక ఊపిరి పట్టేంత చోటు వదిలి, నిలబెట్టాడు.