కొరియా మేడం అడిగిన కిబ్దా

సౌదీలో తాయిఫ్ కొండల్లో గులాబీలు ఎండెక్కాక కోస్తే లాభం లేదు, వాసనంతా పోతుంది. తెల్లారేలోపే, మంచులో తడిసిన పూలని గంపల్లోకి తెంపాలి. జగిత్యాల నుంచి వచ్చిన భూమేష్ ఎనిమిదేళ్లుగా చేస్తున్నది ఇదే. పనిలో పులే గానీ, అరబ్బీ మాత్రం అబ్బలేదు మహానుభావుడికి. ఎవరేమడిగినా "ఐవా, ఐవా, మాఫీ ముష్కిల్" అనేవాడు. ఔను ఔను, ఏం పర్వాలేదు అని. అడిగినదేంటో తర్వాత ఖలందర్‌ని కనుక్కునేవాడు.

ఖలందర్ కడపవాడు, ఆ తోటకి డ్రైవరు. ఇద్దరిదీ ఒకే గది, ఒకే పొయ్యి. ఖలందర్‌కి ఎగ్జిట్ పడింది, ఇక ఇంటికి పోవడమే. గురువారం జెద్దాలో విమానం. తను ఇక్కడికొచ్చాక పుట్టిన కూతురు అఫ్షాన్‌కి ఐదేళ్లు నిండాయి, ఇంతవరకూ ఫోన్లో తప్ప చూసింది లేదు.

"దాన్ని ఒక్కతూరి ఎత్తుకుంటే చాలప్పా," అనేవాడు రోజుకి పదిసార్లు.

"ఎత్తుకుందువు తియ్. ముందుగాల బ్యాగు సదురుకో," అనేవాడు భూమేష్.

మంగళవారం సాయంత్రం ఇద్దరూ గది బయట కూర్చుని ఫోన్లో కొరియా సీరియల్ చూస్తున్నారు, హిందీలో. తొమ్మిది తోకల నక్క అందగత్తెలా తిరుగుతూ మగాళ్ల కార్జం, అదే లివరు, తింటుందట. ఇందులో మాత్రం ఓ డాక్టర్ని ప్రేమించి, తినడం మానేసి, వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఖలందర్ కళ్లూ తడిశాయి.

"నక్కకి ప్రేమేందిరా, దాని మొకం!" అన్నాడు భూమేష్.

వెనక ఎవరో ఆగారు. తోట యజమాని కఫీల్ గెస్టు గదిలో దిగిన కొరియా మేడం. పూల ఫోటోలు తీసుకోవడానికి వచ్చింది. వాళ్ల భుజాల మీదుగా వంగి ఫోన్లోకి చూసింది. ఏడుస్తున్న ఆ నక్కని చాలాసేపు చూసింది.

"కిజ్బ్," అంది. అబద్ధం అని. వెళ్లిపోయింది.

బుధవారం తెల్లవారుతుండగా పొగమంచు కొండ మొత్తాన్ని కప్పేసింది. రెండు చెట్ల అవతల ఏముందో తెలియడం లేదు. భూమేష్ ఒక్కడే కోస్తున్నాడు. ముళ్లకి గీరుకున్న వేళ్లు, చల్లటి పూల వాసన, ఆకుల మీంచి టప్ టప్‌మని రాలే నీళ్లు. ఆ వాసనలోకి ఇంకోటి వచ్చి కలిసింది. అప్పుడే కోసిన మేక దగ్గర వచ్చే పచ్చివాసన.

తలెత్తితే మేడం. కాళ్లకి చెప్పుల్లేవు. ముళ్లలోంచే నడిచొచ్చినా ఒక్క గీతా పడలేదు.

చెయ్యి చాపి, భూమేష్ కుడివైపు పక్కటెముకల కింద వేలితో తాకింది. "కిబ్దా?" అంది మెల్లగా.

కిబ్దా అంటే భూమేష్‌కి తెలుసు. కార్జం. పొద్దున పూట రొట్టెతో ఇక్కడ అందరూ తినే వేపుడు. పాపం, ఆకలేసి కడుపు చూపిస్తోంది అనుకున్నాడు. టిఫిన్ తెచ్చేది ఖలందర్ కదా!

"ఐవా, ఐవా. కిబ్దా... ఖలందర్," అంటూ గది వైపు చెయ్యి చూపించాడు. "మాఫీ ముష్కిల్, మేడం."

ఆమె తల ఊపి మంచులోకి వెళ్లింది.

కాసేపటికి ఓ అరుపు. కొండ కోతులు కొట్టుకుంటున్నాయి అనుకుని ఇంకో కొమ్మ వంచాడు. రెండో అరుపులో తన పేరుంది.

గంప పడేసి పరిగెత్తాడు.

తలుపు బార్లా తెరిచి ఉంది. ఖలందర్ మంచం మీద వెల్లకిలా పడున్నాడు. అతని తొడల మీద కూర్చుని ఉందది. చెయ్యి మోచేతిదాకా అతని కడుపులో... తడుముతోంది. ఎముక పుటుక్కుమంది. పరుపు నిండి రక్తం నేలకి కారుతోంది. దాని వెనక గోడంతా తెల్లటి తోకలు... ఎన్నని లెక్కపెట్టే గుండె ఎవరికుంటుంది?

ఖలందర్ ఇంకా బతికే ఉన్నాడు. ఘోరం అదే.

"భూమన్నా... పాప..."

భూమేష్ మూలనున్న పార తీసి దాని నెత్తి మీద కొట్టాడు. పుర్రె పగిలింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ. అది తిరిగింది. ఒక్క కొరుకు... భూమేష్ ఎడమచేతి మూడు వేళ్లు దాని నోట్లో ఉండిపోయాయి. అతను కూలబడి చూస్తుండగానే ఖలందర్ కార్జం పెరికి, వేడి ఆవిరితో సహా మింగేసింది. పగిలిన తల మెల్లగా అతుక్కుంది. మూతి తుడుచుకుని, మర్యాదగా వంగింది.

"షుక్రన్," అంది భూమేష్‌తో.

థాంక్స్ చెప్పింది! అడిగింది, ఇతను ఇప్పించాడు. అయ్యో దేవుడా, సొంత తమ్ముడి లాంటోణ్ణి తన నోటితోనే...

పోలీసులు తోడేలు అని రాసుకున్నారు. శవం మార్చురీలో ఉంది. కొరియా మేడం గానీ, ఖలందర్ బ్యాగూ పాస్‌పోర్టూ గానీ ఎక్కడా దొరకలేదు. ఆసుపత్రి మంచం మీద భూమేష్ రెండు రోజులు ఫోన్ చేతిలో పట్టుకునే ఉన్నాడు, ఖలందర్ భార్య హలీమాకి ఏమని చెప్పాలో తెలియక. శుక్రవారం మధ్యాహ్నం ఆ అమ్మాయే చేసింది.

"అన్నా, ఆయన పొద్దున్నే వచ్చేసినారు! బాగా చిక్కినారు. ఎవురితోనూ మాట్లాడరు. పాపతో ఆడుకుంటానని గదిలో గడియ పెట్టుకున్నారు."

భూమేష్ మంచం మీంచి దిగ్గున లేచాడు. "చెల్లే... తలుపు పగలగొట్టు. పాపను తీస్కొని ఉరుకు!"

"ఏందన్నా, అట్ల..."

"పగలగొట్టు!"

దబదబా బాదిన చప్పుడు. గడియ ఊడిన చప్పుడు.

"హలీమా? చెల్లే?"

"ఆయన లేరన్నా..." గుసగుసలాడింది. "కిటికీ కూడా మూసే ఉండాది. అఫ్షాన్‌లే... ఇద్దరుండారు. ఇద్దరూ ఏడుస్తా నా దిక్కు చేతులు చాపతాండారు. ఎవుర్ని ఎత్తుకోవాలన్నా?"