నానమ్మ బొమ్మల మీద వాన

"గ్యాస్ పొయ్యి?" గెర్బెన్ తాత కారు పక్కన నిలబడి గట్టిగా కేకేశాడు.

"కట్టేశా!" అంది ఫెన్నా వాళ్ళమ్మ.

"అల్మారా గొళ్ళాలు?"

"పెట్టేశా తాతయ్యా!" అంది యెట్టె.

"పైకప్పు కిటికీ?"

తాత మళ్ళీ కేకేశాడు.

"పైకప్పు కిటికీ ఎవరి పనమ్మా?"

"మూసేశాను," అంది ఫెన్నా, వెనక సీట్లోంచి కదలకుండా.

మూసిందా? ఎక్కడ మూసింది! ఉత్తదే.

ఆస్ట్రియాలో హైవే పక్కన, మధ్యాహ్నం రొట్టెలు తిని బయల్దేరుతున్నారు. కారు వెనక తాతగారి పాత కారవాన్, అంటే చక్రాల మీది చిన్న ఇల్లు, తగిలించి ఉంది. బండి కదిలే ముందు తాత ఒక్కో పని పేరూ కేకేయాలి. ఎవరి పని వాళ్ళు చేశామని చెప్పాలి. ఆ ఇంట్లో అది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి.

ఆ ఇల్లు ఫెన్నాది కాదు. వాళ్ళమ్మా, రూబెన్ కలిసి ఉండటం మొదలుపెట్టి ఏడాదే అయింది. యెట్టె రూబెన్ కూతురు. గెర్బెన్ తాత రూబెన్ వాళ్ళ నాన్న. వేసవి సెలవుల్లో నెదర్లాండ్స్ నుంచి స్లొవేనియాలోని సరస్సు దాకా వెళ్ళడం వాళ్ళ అలవాటు. ఫెన్నాకి ఇదే మొదటిసారి.

తిండికి ముందు ఫెన్నా కారవాన్‌లో వెనక మంచం మీద వాలింది. ఉక్కగా ఉందని పైకప్పు కిటికీ తెరిచింది. అంతలో యెట్టె వచ్చింది.

"లే అక్కణ్ణించి! అది మా నానమ్మ మంచం."

"కాసేపు పడుకుంటే అరిగిపోతుందా?"

"అరిగిపోతుంది. నువ్వు మా నానమ్మని చూడను కూడా చూళ్ళేదు. అసలు మా ఇంటిదానివే కాదు!"

ఫెన్నా చరచరా బయటికి వచ్చేసింది. ఒళ్ళంతా మండిపోయింది. 'నేను ఈ ఇంటిదాన్నే కానప్పుడు వీళ్ళ కిటికీ నేనెందుకు మూయాలి?' అనుకుంది.

ఆ మంచం చుట్టూ గోడ నిండా నీటిరంగుల బొమ్మల కాగితాలు అంటించి ఉన్నాయి. ప్రతి వేసవిలో దిగిన చోటల్లా తీనెకె నానమ్మ కూర్చుని వేసినవి. కొండలు, చర్చి గంట, చేపలు పట్టే తాత, బుడి బుడి నడకల యెట్టె. నానమ్మ ఏడాదిన్నర కిందట చలికాలంలో చనిపోయింది. ఇక కొత్త బొమ్మలు రావు.

కొండ సొరంగం దాటేసరికి కుండపోతగా వాన పట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది ఫెన్నాకి. తెరిచిన ఆ కిటికీ కిందే బొమ్మలున్నాయి.

'చెప్పాలి. ఆపమనాలి.' నోరు తెరిచింది. పక్కన యెట్టె మొహం తిప్పుకుని కూర్చుంది. రూబెన్ కళ్ళు చికిలించుకుని రోడ్డు చూస్తున్నాడు. చెబితే అబద్ధం బయటపడుతుంది. 'దిగగానే అందరికంటే ముందు పరిగెత్తి మూసేస్తాలే' అనుకుని నోరు మూసుకుంది. వాన మాత్రం ఆగలేదు.

సరస్సు దగ్గరికి చేరేసరికి సాయంత్రమైంది. ఫెన్నా బెల్టు విప్పుకునేలోగానే రూబెన్ కారవాన్ తలుపు తీశాడు. మెట్ల మీదుగా నీళ్ళు జారాయి.

పైకప్పు కిటికీకి మూతే లేదు. గాలికి ఊడి ఎక్కడో ఎగిరిపోయింది. మంచం ముద్దయింది. గోడ మీది బొమ్మల రంగులన్నీ కలిసిపోయి కిందికి కారుతున్నాయి. తాత ఒక బొమ్మ తీయబోతే అది చేతిలోనే చిరిగిపోయింది.

"నానమ్మా!" అని యెట్టె ఏడ్చిన ఏడుపుకి పక్క గుడారాల వాళ్ళు తొంగిచూశారు.

తాత తడి మెట్టు మీద కూలబడ్డాడు.

"నేనే చేసుంటాను రా రూబెన్. పిల్ల మూశానంది కదా. అది మూశాక, బయల్దేరే ముందు గాలి కోసం నేనే మళ్ళీ తెరిచుంటాను."

"పోనీలే నాన్నా..."

"ఏం పోనీ? మొన్న పొయ్యి మీద గిన్నె మర్చిపోయాను. ఇప్పుడు ఇది. తెరిచినట్టు గుర్తే లేదు, చూడు! నా బుర్ర పాడైపోయింది. ఇంక నన్నెక్కడికీ తీసుకురాకండి. ఈ బండి అమ్మేయ్."

అమ్మ గుడ్డతో నీళ్ళు తుడుస్తోంది. ఫెన్నాని ఎవరూ ఏమీ అడగలేదు. ఊరుకుంటే ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

తాత తన చేతులు తనవి కానట్టు వాటినే చూసుకుంటున్నాడు. ఆయన భయపడుతున్నాడు. అంత పెద్ద మనిషి భయపడటం ఫెన్నా ఎప్పుడూ చూడలేదు.

"గెర్బెన్ గారూ, మీరు కాదు."

"ఏమిటమ్మా?"

"మీరు తెరవలేదు. నేనే మూయలేదు. మూశానని అబద్ధం చెప్పాను. దారిలో గుర్తొచ్చింది. అప్పుడూ చెప్పలేదు."

అమ్మ చేతిలో గుడ్డ జారిపోయింది. యెట్టె ఒక్కసారి ఫెన్నా వైపు చూసి, సరస్సు వైపు పరిగెత్తింది. రూబెన్ దాని వెనకే వెళ్ళాడు.

"నేను తెరవలేదా?" అన్నాడు తాత.

"లేదు."

"నిజంగా?"

"నిజంగా."

తాత మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. 'పరవాలేదులే' అని మాత్రం అనలేదు. ఎవరూ అనలేదు. ఫెన్నా ఒక్కో కాగితాన్నీ తాడు మీద ఆరేసింది. ఆరాయి గానీ, ఒక్క బొమ్మా తిరిగి రాలేదు. ఫెన్నాకి ఆ సరస్సులో మునిగిపోవాలన్నంత దిగులేసింది.

తడిసిన మంచాలతో ఎన్ని రోజులుంటారు? మర్నాడు ఉదయమే ఇంటిదారి పట్టారు. పైకప్పు కంతకి రూబెన్ ప్లాస్టిక్ పట్టా కప్పి, లోపలి వైపు నుంచి తాళ్ళతో కట్టాడు.

తాత కారు పక్కన నిలబడ్డాడు. కేకేయలేదు. అందరూ ఎదురుచూశారు. చివరికి నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"గ్యాస్ పొయ్యి?"

"కట్టేశా."

"అల్మారా గొళ్ళాలు?"

"పెట్టేశా," అంది యెట్టె నీరసంగా.

తాత ఆగిపోయాడు. తర్వాత అడగాల్సింది అడగలేదు.

ఫెన్నా కారు దిగింది. కారవాన్‌లోకి వెళ్ళి, మంచం ఎక్కి, పట్టా నాలుగు మూలలూ లాగి చూసింది. ఒక ముడి వదులుగా ఉంది. తాడు చేతికి అందలేదు. గుమ్మంలో యెట్టె నిలబడి ఉంది. లోపలికి వచ్చి, తాడు కొస పట్టుకుని బిగించింది.

ఫెన్నా కిందికి దిగింది.

"పైకప్పు కిటికీ చూశాను," అంది. తాత దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ అంది. "నేను చూశాను. మీరూ ఒకసారి చూడండి, తాతయ్యా. మీరు చూస్తేగానీ నాకు నమ్మకం కుదరదు."

తాత మెల్లగా లోపలికి వెళ్ళి, ఒక్కో మూలనీ చేత్తో తడిమాడు.

"గట్టిగానే ఉంది," అన్నాడు. "బండి తియ్ రా రూబెన్."