బోర్లించిన గాజుపలక

నాకు అనుమానం జాస్తి. పాలు పొంగినా "ఎవరు పొంగించారు?" అని అడిగే రకం అంటాడు మా ఆయన. ఆ రోజు ఆ అనుమానమే నా కొంప ముంచింది.

కొండజాతి వాళ్ళ పాత ఫొటోలతో పుస్తకం చేస్తున్నాం. ఎడమ పేజీలో వాళ్ళ భాష, కుడి పేజీలో మన భాష. ఫిల్ము లేని కాలం నాటివి కాబట్టి ఫొటోలన్నీ గాజుపలకల మీదే ఉన్నాయి. కొండమీది అవ్వ ఇంట్లో కూర్చుని, ఆమె ఒక్కొక్కరి పేరూ చెబుతుంటే నేను పలకల్ని స్కాన్ చేసి పేర్లు ఎక్కిస్తున్నాను. బడికి సెలవని మా పిడుగు కూడా వెంటబడి వచ్చింది. ఏడేళ్ళది. నిన్ననే ముందుపన్ను ఊడింది. గోడ దగ్గర కూర్చుని బొమ్మలు గీసుకుంటోంది.

చివరి పలకలో పన్నెండు మంది. అందరూ మనవైపే చూస్తున్నారు, ఒక్క పిల్ల తప్ప. అది అటు తిరిగి నిలబడింది. వీపు మీద జడ.

"ఈ పిల్ల పేరేంటవ్వా?"

"ఎవరికీ గుర్తులేదు తల్లీ. కన్నతల్లికే గుర్తులేదు. ఖాళీ వదిలెయ్."

చోద్యం కాకపోతే, కన్నతల్లి మర్చిపోతుందా? పైగా ఎడమ చివర అని అవ్వ చెప్పిన మనిషి కుడి చివర ఉన్నాడు. పలక తిరగేసి ఉందన్నమాట.

"నేనే బోర్లించాను," అంది అవ్వ గొంతు తగ్గించి. "అలాగే ఉండనీ. ఆ పిల్ల ఇటు తిరగకూడదు."

ముసలమ్మ ఏదో దాస్తోంది అనుకున్నాను. పలక తిప్పితే కుడి ఎడమవుతుంది గానీ వీపు ముఖమవుతుందా? ఆమె మంచినీళ్ళకి లేచిందో లేదో, పలక తిప్పి మళ్ళీ స్కాన్ పెట్టేశాను.

తడిమట్టి వాసన వేసింది. గోడ దగ్గర పెన్సిలు చప్పుడు ఆగిపోయింది. కంప్యూటర్ తెర మీద బొమ్మ మెల్లగా దిగుతోంది. జుట్టు... నుదురు... కళ్ళు...

ఆ పిల్ల ఇటు తిరిగి నవ్వుతోంది. ముందుపన్ను లేదు.

అమ్మో! అది మా పిడుగు ముఖం.

వెనక్కి చూశాను. నా కూతురు గోడవైపు తిరిగి నిలబడి ఉంది.

"ఇటు చూడవే... నా బంగారం కదూ..."

కదల్లేదు. గబగబా పలక మళ్ళీ బోర్లించాను. ఏమీ మారలేదు. గోడకీ దానికీ మధ్య దూరి, ముందువైపుకి వెళ్ళాను.

అక్కడా జడే ఉంది.

గుమ్మంలో చెంబు కింద పడింది. అవ్వ పరుగున వచ్చి కలం అందుకుంది.

"తొందరగా... మర్చిపోకముందే మీ పాప పేరు చెప్పు తల్లీ!"

నోరు తెరిచాను.

పిడుగు... మేం దాన్ని పిడుగు అంటాం. అసలు పేరు...