రిపోర్టు రాకముందే

"చిక్కం అలా విసిరితే కాయకి దెబ్బ తగలదా అండీ?" అంది జెరూషా.

జయకర్ వల కట్టిన ఆ గెడని కిందికి దించాడు. ఒక చేత్తో కొమ్మ పట్టుకుని నోటితో గాలి పీలుస్తున్నాడు.

రెడ్డిగూడెంలో ఆమె తండ్రి సువర్ణరాజు మాస్టారి మామిడితోట కాపు ఈ ఏడు కొన్నది అతనే. ముప్పై ఏళ్లు నిండలేదు. పది కాయలు కోస్తే ఇంత ఆయాసమా? జెరూషా అతని పాదాల వైపు చూసింది. వాచి ఉన్నాయి. హైదరాబాద్‌లో ఆమె చేసే పీహెచ్‌డీ గుండె కండరాల మీదే. సెలవులకి ఇంటికొచ్చినా ఆ చదువు ఆమెని వదల్లేదు.

"ఎన్నాళ్ల నుంచి ఇలా?"

"ఎండండీ. అంతే."

"నీడలో ఉన్నారు."

"మీరు కోప్పడుతుంటే నీడ కూడా ఎండలాగే ఉందండీ."

నవ్వొచ్చినా ఆమె నవ్వలేదు. మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. కాయల కంటే ఎక్కువగా ఆమె కూర్చున్న అరుగు వైపే చూశాడు. ఆమె పుస్తకంలో పేజీ తిప్పడం మానేసింది.

ఒకరోజు మాటల్లో చెప్పాడు. మూడేళ్ల కిందట అన్న చాట్రాయి తోటలో పడిపోయాడట. లేవలేదు. "మా అన్న కూడా ఎండేనన్నాడండీ."

ఆ సాయంత్రమే మాస్టారు కారు తీశారు.

విజయవాడ ఆస్పత్రిలో గుండెకి ఎకో స్కాన్ తీశారు. డాక్టరు చెప్పాక, వరండాలో జయకర్ జెరూషా వైపు తిరిగాడు.

"నాకేమైందో అర్థమయ్యేట్టు చెప్పండి," అన్నాడు.

"గుండె బాగానే ముడుచుకుంటోంది. వదులు కావట్లేదు. కండరంలో టైటిన్ అని సాగే ప్రొటీన్ ఉంటుంది. కొన్ని ఎంజైములు దానికి ఫాస్ఫేట్ తగిలించి మెత్తబరుస్తాయి. అప్పుడే గుండె సాగి రక్తం నింపుకుంటుంది. మీకు బీపీ బాగా ఉంది. దాన్ని ఏళ్లతరబడి వదిలేస్తే ఆ పని దెబ్బతినొచ్చు. ప్రొటీన్ బిగుసుకుంటుంది."

"మందుందా?"

"బీపీకి, ఒంట్లో నీరు తీయడానికి ఉంది. ఆ ఎంజైముల్ని సరిచేసే మందు ఇంకా వెతుకుతున్నాం."

అన్న సంగతి విని డాక్టరు, ఇది వంశంలో వచ్చే జబ్బేమోనని జీన్ టెస్టు కూడా రాశారు. రిపోర్టుకి నెల పడుతుందన్నారు.

ఆ తర్వాత జయకర్ తోటకి రావడం మానేశాడు. కూలీల్ని పంపేవాడు. ఫోనెత్తేవాడు కాదు. జెరూషాకి రాత్రిళ్లు నిద్ర పట్టలేదు. పడిపోయాడేమో అనుకునేది. తొమ్మిదో రోజు తొలకరి కురుస్తుంటే స్కూటీ మీద అతనింటికి వెళ్లింది.

అతను గుమ్మంలోకొచ్చాడు. బతికే ఉన్నాడని చూశాక ఆమె మెట్టు మీద కూర్చుంది.

"మాత్రలు వేసుకుంటున్నారా?"

"పూటకి పూట. వాపు తగ్గిందండీ." దూరంగా నిలబడ్డాడు. "మా వదినని చూశాను. ఇంకో ఆడపిల్లకి ఆ బతుకు నా వల్ల రాకూడదు. రిపోర్టు మంచిగా వస్తే వచ్చి అడుగుదామనుకున్నాను."

"ఏమని?"

అతను తల దించుకున్నాడు.

"రాకముందే అడగండి," అంది జెరూషా. "వచ్చాక అడిగితే నన్ను కాదు, ఆ కాగితాన్ని అడిగినట్టు."

"నాకు భయంగా ఉందండీ."

"నాకు మీకంటే ఎక్కువ. లోపల ఏం జరుగుతుందో నాకు తెలుసు కాబట్టి."

అతను వచ్చి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత, పెళ్లి చేసుకుంటారా అని అడిగాడు. ఆమె సరేనంది.

సువర్ణరాజు మాస్టారు విషయం విని, కళ్లజోడు తుడుచుకుని కూతురి వైపు చూశారు.

"అన్నీ తెలిసే అంటున్నావా అమ్మా?"

"తెలిసే నాన్నా."

ఆయన జయకర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. రిపోర్టుకి ఇంకా ఇరవై రోజులుంది.