రెండో గొంతు

"ఇది మా పాప సంచేనా సిస్టర్? సరిగ్గా చూశారా?"

మందు సంచి ఇంకా స్టాండుకు తగిలించకముందే ఏడో మంచం తల్లి అడిగేసింది. రోజూ అడుగుతుంది, నర్సులు రోజూ విసుక్కుంటారు. ఆమె భయం ఊరికే కాదు. రక్తహీనతకు ఒక్కొక్కరి జన్యువులు పరీక్షించి, ఎవరి మందు వాళ్లకి విడిగా కలిపే రీసెర్చ్ వార్డు అది. పదకొండేళ్ల ఆ పిల్ల ఒంట్లో రక్తం తక్కువ, ఇనుము మాత్రం విషమంత ఎక్కువ. పక్క మంచం సంచిలోని ఇనుము కూడా ఎక్కిందంటే గంట బతకదు.

అందుకే అక్కడ రెండు గొంతుల పద్ధతి పెట్టారు. ఒక నర్సు రోగి చేతి పట్టీ మీది నంబరు పైకి చదవాలి. రెండో నర్సు సంచి మీది నంబరు పైకి చదవాలి. రెండూ కలిస్తేనే మందు ఎక్కించాలి.

గుమ్మం దగ్గర నేల తుడుస్తున్న ఆయాకి ఈ పద్ధతి కంఠతా వచ్చు. ఆమె ఏజెంట్ నైన్, ఆయా వేషంలో ఉన్న గూఢచారి. తుడుపుకర్ర పిడిలో కెమెరా, చెవిలో వినికిడి మిషన్‌లా కనిపించే రిసీవర్.

పంతొమ్మిది రోజుల కిందట మూడో మంచం ముసలాయన పోయాడు. ఎవరో సంచి మీది లేబుల్ మార్చి, మందు ఎక్కాక దాన్ని పీకేశారు. సంచి చదివిన చిన్న నర్సు మీద నింద పడింది. ఆనాటి నుంచి ఆమె నోరు తెరవలేదు. సంచి పట్టుకుని తలూపుతుంది, అంతే. పాపం, దాన్నేమీ అనకండి అని పెద్ద సిస్టర్ అందరికీ చెప్పి, ఆ తలూపునే రెండో గొంతుగా ఒప్పుకుంది. జాలితో చేసిన తప్పు అది.

ముసలాయన పోకముందే, నర్సుల మనసు కుదుటపరచడానికని కౌన్సెలర్ మేడమ్‌ని పెట్టింది ఏజెంట్ నైన్ డిపార్ట్‌మెంటే. వార్డు మీద ఓ కన్నేసి ఉంచమని కూడా ఆమెకి చెప్పింది. చూడచక్కని మనిషి, వెన్నలాంటి మాట. ఆ వెన్న సగం పరాయి దేశపు ముఠాకి అమ్ముడుపోయింది. ఇంకొక్క చావు జరిగితే రీసెర్చ్ మూతపడుతుంది, డేటా ముఠాకి చేరుతుంది. ప్రతి మంగళవారం మేడమ్ తలుపు మూసి, చిన్న నర్సు చెయ్యి నిమురుతూ, చంపింది నువ్వేనని ఒప్పుకో, తేలికపడతావు అని చెప్పి పంపేది. ఆ నర్సు నిద్ర మానేసింది, తిండి మానేసింది.

నర్సు తప్పు లేదని నైన్‌కి మొదటి వారమే తెలుసు. చెప్పొద్దని చీఫ్ ఆర్డర్. చెబితే మేడమ్‌కి అనుమానం వస్తుందట.

ఈ ఉదయం మేడమ్ గదిలో దాచిన మైకుకి ఆమె ఫోన్ మాట దొరికింది. నైన్ మందుల గదిలో చిన్న నర్సుని ఆపి, తన రిసీవర్ తీసి ఆమె చెవిలో పెట్టింది. ఆర్డర్ మీరిన పని అదొక్కటే.

"ఏడో మంచానికి పక్క మంచం సంచి పెట్టేశాను. లేబుల్ మార్చే శ్రమ కూడా అక్కర్లేదు," మేడమ్ గొంతు నవ్వింది. "మన పిచ్చిది చదవదు. తలూపుతుంది."

టేపు ఆగింది. వెంటనే అదే చెవిలో చీఫ్ గొంతు, వింటున్నది నైనే అనుకుని: "సంచి ఎక్కనివ్వు. ఎక్కాకే మేడమ్ ముఠాకి ఫోన్ చేస్తుంది, ఆ నంబరు మనకి కావాలి. నువ్వు తలుపు దగ్గరే ఉండు. పిల్ల పోతే పోనీ."

నర్సు రిసీవర్ తీసి నైన్ అరచేతిలో పెట్టింది. ముఖంలో ఏ మార్పూ లేదు. సంచి తీసుకుని వార్డులోకి నడిచింది.

పెద్ద సిస్టర్ పట్టీ మీది నంబరు చదివింది. "ఏడు, నాలుగు, ఒకటి." వేలు అప్పుడే వాల్వ్ మీద ఉంది. గుమ్మం లోపల మేడమ్ ఫోన్ చేతిలో పట్టుకుని దయగా చూస్తోంది. ఆమె వెనకాల ఆయా చప్పుడు లేకుండా తలుపు గడియ పెట్టింది.

నర్సు తలూపలేదు. పెద్ద సిస్టర్ పర్లేదులే అన్నట్టు వాల్వ్ తిప్పబోయింది.

"సిస్టర్," తల్లి మళ్లీ అడిగింది, "ఇది మా పాపదేనా?"

నర్సు పెదవులు విడిపోయాయి. పంతొమ్మిది రోజులు మూసుకుపోయిన గొంతు బొంగురుగా వచ్చింది.

"కాదమ్మా. మీరు రోజూ అడగండి."