జవాబు వచ్చాకే దెబ్బ

కొలిమి దుకాణంలో కిటికీలు మూసే ఉంచాలి. ఇనుము ఎంత కాగిందో రంగును బట్టే తెలియాలి, ఆ రంగు కంటికి ఆనాలంటే చీకటి ఉండాలి. అందుకే మా దుకాణంలో పట్టపగలు కూడా పొద్దు గూకినట్టే ఉండేది. కొత్తవాళ్ళు గుమ్మం దగ్గరే నిలబడి, లోపల మనుషులున్నారా అని కేకేసేవాళ్ళు. నాకు మాత్రం ఆ చీకట్లో ఏ సామాను ఎక్కడుందో చేతికే తెలుసు. అక్కడ భయపడాల్సి వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి.

సమ్మెట నాది, పట్టకారు చిలకది. చిలకంటే మా పనివాడు. మనిషి ఏనుగంత, గొంతు మాత్రం పాలు తాగే పిల్లాడిది. పని మొదలెట్టాక వాడి నోట్లోంచి ఒక్కటే మాట వచ్చేది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. మా నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. సమ్మెట ఎత్తినవాడు "చెయ్యి?" అని అడగాలి. పట్టకారు పట్టినవాడు వేళ్ళు దూరంగా ఉన్నాయని చూసుకుని "తీశా" అనాలి. జవాబు వచ్చాకే దెబ్బ. ఇరవై ఏళ్ళు అలా కొట్టాక ఇక ఆ మాట చెవికి కాదు, భుజానికి వినిపిస్తుంది. తీశా అనగానే సమ్మెట దానంతటదే దిగిపోతుంది.

బైండింగ్ వైరు కట్టడం కూడా వాడికి నేనే నేర్పాను. మూడు మెలికలు, ఆపైన కొసని లోపలికి మడవడం. కొస బయటికి ఉంటే ఎప్పుడో అరచెయ్యి గీరుతుంది. అలా మడిచేవాళ్ళు మేమిద్దరం తప్ప ఇంకెవరూ నాకు తగల్లేదు.

ఏడాది కిందట చిలక ఉన్నట్టుండి పనికి రావడం మానేశాడు. వాడుండే గదికి వెళ్ళాను. ఎవరో వచ్చి సామానంతా పట్టుకుపోయారని చెప్పింది ఇంటావిడ. వాడికి ముందూ వెనకా ఎవరూ లేరు, ఇంకెవర్ని అడగను? చివరికి కబురు తెచ్చింది మా బావమరిది.

"వేరే ఊళ్ళో పెద్ద కార్ఖానాలో చేరాడంట బావా. మీ బావ దగ్గర గొడ్డుచాకిరీ ఇక నా వల్ల కాదన్నాడంట."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకమని ఆ రోజు మొదలెట్టి ఏడాది పొడుగునా చిలకని తిడుతూనే ఉన్నాను. భోజనాల దగ్గర తిట్టాను, నిద్రపట్టక లేచి కూర్చుని తిట్టాను. మా ఆవిడ ఏమీ అనేది కాదు. మజ్జిగ పోసి పక్కకి వెళ్ళిపోయేది.

ఆ తర్వాత నా కుడి మణికట్టు పోయింది. ఇన్నేళ్ళ సమ్మెట దెబ్బలు ఎముకలో కూర్చున్నాయన్నాడు డాక్టరు. తలుపు గడియ తిప్పినా ప్రాణం జివ్వుమనేది. ఇక సమ్మెట ముట్టుకోకూడదట. సమ్మెట ఎత్తలేని కమ్మరికి దుకాణమెందుకు? నాకింకో పని రాదు. ఇంకో పని నేర్చుకునే వయసూ కాదు.

అప్పుడు ఆదుకున్నది మళ్ళీ బావమరిదే. బావమరిది బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అని సామెత. ఆ సామెత నాలాంటివాడు చెప్పిందే అయ్యుంటుంది, ఇంకా అసలు సంగతి తెలియని రోజుల్లో.

వాడికి కొన్నాళ్ళు కట్టెల వ్యాపారం ఉండేది. కలిసిరాలేదని మానేశాడు. అప్పటి మొద్దులు చీల్చే మెషీన్ షెడ్డులో పట్టా కింద పడి ఉంది. మొద్దుని దూలం మీద పడుకోబెట్టి లివర్ నొక్కితే, ఇంజను బలంతో సిలిండర్ రాడ్డు మొద్దుని తీసుకెళ్ళి కత్తికి నొక్కుతుంది. మొద్దు రెండు చెక్కలవుతుంది. "దాన్ని నిలబెడదాం బావా," అన్నాడు. "కత్తి కోసేసి, పైనొకటి కిందొకటి ఇనప దిమ్మలు పెడదాం. కాలితో తొక్కేలా పెడల్ పెట్టుకుంటే చాలు. సమ్మెట చేసే పని అదే చేస్తుంది, నీ చేతికి నొప్పి ఉండదు."

వినగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అబద్ధమెందుకు.

కోతలూ వెల్డింగూ వాడే చేశాడు, నేను పక్కన స్టూలు మీద కూర్చుని నస పెట్టాను. కత్తిని గ్రైండర్‌తో కోస్తుంటే దాని మొదట్లో, అతుకు సందులో, నల్లగా పేరుకున్నదేదో కాలి పొగొచ్చింది. కాలిన వెంట్రుకల వాసన.

"ఏంట్రా అది?"

"చెట్ల జిగురు బావా."

నేను చాలా జిగురులు కాల్చాను. ఏ జిగురూ అలా వాసన వెయ్యదు. కానీ అడగలేదు. లివర్ విప్పుతుంటే దాని మెడకి తుప్పుపట్టిన వైరు ముక్క ఒకటి తగులుకుని ఉంది. మెలికలు ఎదురు తిరిగి ఉన్నాయి. మా బావమరిది ఎడమచేతివాటం, వాడి మెలికలన్నీ అలాగే ఉంటాయి. లివర్‌కి వైరెందుకు కట్టాడో అర్థం కాలేదు. చెయ్యి వదిలితే మెషీన్ ఆగిపోవాలి, ఆ లివర్ ఉన్నదే అందుకు. వైరు ముక్కని చెత్తలో పడేశాను.

తెలివితక్కువ పని ఒకటి చేశాం. మెషీన్‌ని నిలబెట్టేసరికి ఇంజను స్విచ్చి వెనక్కి పోయింది. ఆపాలంటే చుట్టూ తిరిగి వెళ్ళాలి, లేదా రెండు దిమ్మల మధ్యనుంచి చెయ్యి దూర్చాలి. "రేపు ముందుకి మారుస్తాలే బావా," అన్నాడు. రేపంటే మా ఇంట్లో ఎప్పుడూ రాని రోజు.

ఒక సాయంత్రం మొదటిసారి నడిపి చూశాం. బయట ముసురు పట్టింది. తలుపు దగ్గరికి వేసి ఉంది. కొలిమి వెలుగు నేలమీద కాస్త దూరం పాకి ఆగిపోయింది. బొగ్గు వాసన, నూనె వాసన. ఇంజను ఒక పక్క గుడగుడమంటోంది. బావమరిది పట్టకారుతో ఎర్రటి కడ్డీ తెచ్చి కింది దిమ్మ మీద పెట్టాడు. నేను పెడల్ మీద కాలు ఆనించాను.

"చెయ్యి?"

"తీశా."

తొక్కాను. పై దిమ్మ చప్పుడు లేకుండా దిగింది. ఇన్నేళ్ళూ నా ఎముకలు అరగదీసిన ఇనుము మైనంలా సాగిపోయింది. దుకాణం నిలబడింది, ఇంకేం కావాలి అనుకుంటూ తలెత్తి వాడి వంక చూశాను.

వాడి పెదాలు తెరుచుకుని ఉన్నాయి. మాట మాత్రం ఇంకా వాటి మీదే ఉంది.

"నేను... ఇంకా చెప్పలేదు బావా."

సన్నటి గొంతు. పాలు తాగే పిల్లాడి గొంతు. తీశా అన్న ఆ మాట వచ్చింది వాడి వైపునుంచి కాదు. దూలానికి అవతల, వెలుగు ఆగిపోయిన చోటునుంచి.

ఇంజను చప్పుడుకి చెవులు మోసం చేశాయనుకున్నాను. కడ్డీ మళ్ళీ కాలింది, మళ్ళీ వచ్చింది. ఈసారి వాడి నోటినే చూస్తూ అడిగాను.

"చెయ్యి?"

వాడు దవడ బిగించుకున్నాడు. పెదవి కదల్లేదు.

"తీశా..."

అంత దగ్గరగా. దూలం వెనకే. మాటతోపాటు ఊపిరి కూడా వినిపించింది... నా కాలు దానంతటదే దిగబోయింది. బలవంతాన వెనక్కి లాక్కున్నాను. పెడల్ దగ్గర్నుంచి నాలుగడుగులు జరిగి గోడకి ఆనుకున్నాను. కొలిమి ముందున్నా ఒళ్ళు చల్లబడింది.

"ఎవర్రా అది?" అన్నాను గుసగుసగా.

"ఎవరు బావా?"

"నువ్వూ విన్నావు. నీ మొహమే చెబుతోంది."

పట్టకారు వాడి చేతిలోంచి జారిపోయింది.

"చిలక ఏ ఊరూ పోలేదు బావా," అన్నాడు.

"మరి?"

"సెలవు రోజని నా షెడ్డుకి సాయానికొచ్చాడు. నేనే రమ్మన్నాను. పని నత్తనడకన సాగుతోందని లివర్‌ని వైరుతో కట్టేశాను. అంతలో ఫోనొచ్చింది. బయటికెళ్ళాను."

"వెళ్ళేముందు చెయ్యి అని అడిగావా?"

తల అడ్డంగా ఊపాడు.

"తిరిగొచ్చేసరికి చెయ్యి మొత్తం లోపలుంది. స్పృహలోనే ఉన్నాడు బావా. తీశా, తీశా అని అదే మాట. చెయ్యి లోపలే ఉంది... తీశా అంటున్నాడు. నీకే చెబుతున్నాడేమో అనిపించింది."

"తర్వాత?"

"రోడ్డు పక్కన పడున్నాడు, ఎవరో తెలీదని చెప్పి ఆస్పత్రిలో దింపేసి వచ్చేశాను. పొద్దుటికి పోయాడంట. గది ఖాళీ చేయించింది కూడా నేనే. తెలిస్తే నువ్వు నా మొహం చూడవని..."

పేరు కూడా చెప్పలేదన్నమాట. వాడికంటూ ఉన్నది నేను పెట్టిన ఆ ఒక్క పేరు, అదీ చెప్పలేదు. ఆ మెషీన్నే తుడిచి, నూనె రాసి, నా బతుకు నిలబెడతానని నా దుకాణంలో నిలబెట్టాడు. ఇక నేనో, చచ్చినవాణ్ణి ఏడాది పొడుగునా తిడుతూ కూర్చున్నాను.

తలుపు కిర్రుమంది. మా ఆవిడ. చేతిలో టీ గ్లాసులు. అంతా విన్నట్టే ఉంది, అయినా గ్లాసులు వణకడం లేదు.

"కోపంలో వాణ్ణేమీ అనకండి," అంది. "వాడేం కావాలని చేశాడా."

ఆ మాటతో నాకు అర్థమైపోయింది.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"అప్పట్నుంచే."

ఏడాది. నేను తిడుతూ ఉంటే మజ్జిగ పోసి పక్కకి వెళ్ళిపోయిన ఏడాది. బావమరిది చేసినదానికి ఒళ్ళు మండింది. ఈవిడ మాటకి మాత్రం మంట కూడా రాలేదు. లోపలేదో ఆరిపోయింది. ఇల్లంతా నాకొక్కడికే తెలియకుండా కాపురం చేసింది.

"ఆపెయ్యి ఆ ఇంజను," అన్నాను.

వాడు ఏడుస్తున్నాడు. చుట్టూ తిరిగి, ఆ చీకట్లోకి వెళ్ళడానికి వాడికి ధైర్యం చాల్లేదు. ఇవతలే నిలబడి రెండు దిమ్మల మధ్యనుంచి ఎడమ చెయ్యి దూర్చాడు. వేళ్ళు స్విచ్చి కోసం తడుముతున్నాయి.

పెడల్ నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. నా వీపు గోడకి ఆని ఉంది. ఇది రాసి పెట్టుకోండి.

"చెయ్యి?"

అది నా గొంతు.

నేను నోరు తెరవలేదు... నా గొంతే. ఆ బొంగురు, ఆ విసురు, అన్నీ నావే. దూలం వెనకనుంచి.

బావమరిది తల తిప్పి నా వంక చూశాడు.

"బావా... ఉంది... చెయ్యి ఉం..."

"తీశా," అంది సన్నటి గొంతు.

పై దిమ్మ దిగింది. చప్పుడు లేకుండా.

అరిచింది వాడో నేనో తెలియదు. గ్లాసులు పగిలాయి. ఎడమ చేత్తో స్పానరు పట్టుకుని నూనె పైపు విప్పాను, నూనె మొహాన చిమ్మింది, దిమ్మ వదులైంది. ఆ తర్వాతంతా వాన, ఆస్పత్రి వరండా, తెల్ల లైట్లు.

వాడి ఎడమ చేతికి నాలుగు వేళ్ళు పోయాయి. తెలివి రాగానే చుట్టూ ఉన్నవాళ్ళతో వాడన్న మొదటి మాట, "బావని ఏమీ అనకండి. ఆయన కోపంలో ఉన్నాడు. నేను క్షమించేశాను."

క్షమించాడట. వాడు, నన్ను.

వరండాలో మా ఆవిణ్ణి అడిగాను. "నేను గోడ దగ్గరున్నాను. నువ్వు చూశావుగా."

"చీకట్లో ఏం కనిపిస్తుంది," అంది నా మొహం చూడకుండా. "మీరు అడగడం విన్నాను. వాడు ఉందని చెబుతుంటే మీరు తొక్కారు."

"తీశా అన్న మాట విన్లేదా?"

"ఎవరు అన్నారు?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నా పక్కన నిలబడాల్సిన సమయం అదొక్కటే వచ్చింది. ఆ ఒక్కసారీ రాలేదు.

తెల్లారి ఇద్దరం దుకాణానికి వెళ్ళాం. నేనే రమ్మన్నాను. నాలుగడుగులూ కొలిచి చూపిద్దామని. ఎప్పుడూ లేనిది, కిటికీలు రెండూ బార్లా తెరిచాను. చల్లారిన కొలిమి, నేలంతా నూనె, గాజు ముక్కలు. ఆవిడ కొలతల వంక చూడలేదు. వంగి పెడల్ చూస్తోంది.

పెడల్ కిందికే నొక్కి ఉంది. దానికి వైరు కట్టి ఉంది. కొత్త వైరు.

మెలికలు ఎదురు తిరిగి లేవు. మూడు మెలికలు. కొస లోపలికి మడిచి ఉంది.

మా ఆవిడ ఆ కట్టుని రోజూ చూస్తుంది. పెరటి తలుపుకి, బట్టల తీగకి, బావి గిలకకి, అన్నిటికీ నేను కట్టింది అదే. లేచి నిలబడి, ఒక అడుగు వెనక్కి వేసింది. నాతో కాపురానికొచ్చాక ఆవిడ నన్ను చూసి వెనక్కి జరగడం అదే మొదటిసారి.

"అది నా పని కాదు," అన్నాను. "నా చేత్తో వైరు మెలితిప్పగలనా? గడియే తిప్పలేనని నీకు తెలీదా? ఇదిగో, నువ్వే చూడు."

చూపిద్దామని కుడి చెయ్యి ముందుకి చాచి, పళ్ళు బిగించుకుని, మణికట్టు తిప్పాను.

తిరిగింది. ఇటూ, అటూ, మళ్ళీ ఇటూ. నొప్పి లేదు.