కారణం తెలియని ఆయాసం

పెద్ద డాక్టరు ఫైలు వస్తుందని తెలిస్తే ఆ ఆఫీసులో ఎవరికీ పొద్దున తిన్నది ఒంటపట్టేది కాదు. అంత రోత. రోగిని చూశాక ఆయన వివరాలన్నీ నోటితో చెప్పి రికార్డు చేసి పంపుతాడు. ఇక్కడ హెడ్‌ఫోను పెట్టుకుని అది విని, ఇన్సూరెన్సు కోసం జబ్బుకి తగిన కోడు వేయడం వీళ్ల పని. ఆయనేమో రెండు ముక్కలు చెప్పడం, ఒకసారి జుర్రడం. గ్లాసు అడుగున మిగిలిన చిక్కటి పానకాన్ని పెదాలతో లాగినట్టు, తడితడిగా, బంకబంకగా... జుర్ర్... మళ్లీ రెండు ముక్కలు.

"వదినా, నీ మరిది వచ్చాడు చూసుకో" అంటూ ఆ ఫైళ్లన్నీ ఆమె నెత్తిన పడేసేవాళ్లు. ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ ఆమె వదినే. మొగుడు ఒక్కగానొక్క కొడుకు కాబట్టి ఇంట్లో ఆ పిలుపు పిలిచేవాళ్లు లేరు. నోరెత్తకుండా పని చేసుకుపోయే మనిషంటే అందరికీ అలుసే.

"ఏం తాగుతాడో మహానుభావుడు, అంట్లు కడిగిన నీళ్లు కాబోలు" అని గొణుక్కుంటూనే ఆమె వినేది.

ఆ మధ్యాహ్నం వచ్చిన ఫైల్లో పేరు లేదు. పేర్లు ఎప్పుడూ ఉండవు. డెబ్బై ఏళ్ల స్త్రీ. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కాళ్లు వాచి, చర్మం చిట్లి నీరు కారుతోంది. ఎడమ చేతికి ఆరు వేళ్లు.

వదిన రికార్డింగు వెనక్కి తిప్పి మళ్లీ వింది. అత్తగారు! నిన్న ఆమెను తీసుకెళ్లి, గదిలోకి పంపి బయట కూర్చున్నది తనే. ఆ కాళ్లకి గుడ్డలు మారుస్తున్నదీ తనే. ఆ పులిసిన వాసనకి ముక్కు మూసుకుని, సిగ్గుపడి, మళ్లీ మూసుకున్నదీ తనే.

డాక్టరు తాపీగా చెప్పుకుపోతున్నాడు. ఎకో పరీక్షలో గుండె కుడివైపు ఉబ్బిందట. ఊపిరితిత్తులకి వెళ్లే రక్తనాళాల్లో ఒత్తిడి రెండింతలు దాటిందట... జుర్ర్... "నిర్ధారణ, ఆయాసం. కారణం తెలియదు."

వదినకి ఒళ్లు మండిపోయింది. ఆ ఒత్తిడినే పల్మనరీ హైపర్‌టెన్షన్ అని ఒక్క మాట అంటే ఈయన సొమ్మేం పోయింది? ఎకోలో ఎంత స్పష్టంగా ఉన్నా డాక్టరు నోట రాని జబ్బుకి కోడు వేయకూడదు. ఆ కోడు పడకపోతే గుండెలోకి సన్నటి గొట్టం పంపి చేసే పరీక్షకి ఇన్సూరెన్సు వాళ్ల అనుమతి రాదు. ఆ పరీక్ష లేనిదే సరైన మందు లేదు. మందు లేకపోతే అత్తగారు దక్కదు.

సొంతవాళ్ల ఫైలు వేరేవాళ్లకి అప్పగించాలి. అప్పగిస్తే వాళ్లు కళ్లు మూసుకుని "కారణం తెలియదు" కొట్టేస్తారు. వదిన ఫోనందుకుంది.

"సార్, ఎకోలో ఒత్తిడి ఎక్కువుందన్నారు. దానికేమైనా జబ్బు పేరుందా?" జబ్బు పేరు కోడు వేసేవాళ్లు అందించకూడదు. అదో నియమం.

"ఆయాసం అన్నాగా. వయసు, ఒళ్లు. వేసెయ్యమ్మా."

జుర్ర్...

"ముందా నోట్లోది మింగి మాట్లాడండి సార్! రోజూ ఇది వినలేక చస్తున్నాం!"

అవతల తలుపు గడియ వేసిన చప్పుడు.

"నీకూ వినిపిస్తోందా?" గుసగుసలాడాడు డాక్టరు.

"ఏమిటి?"

"నేనేమీ తినడం లేదమ్మా. ఈ గదిలో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను. ఆ కుర్చీ వాసనకి..."

రోగులు కూర్చునే కుర్చీ. పోయినేడాది ఒక పెద్దావిడ అందులోనే ప్రాణం విడిచిందట. ఆవిడకీ కాళ్లు కారేవట. ఊపిరి తీస్తే నురగలోంచి లాగినట్టుండేదట. ఆవిడకీ ఆయన చెప్పింది ఇదే, కారణం తెలియని ఆయాసమని.

"కుర్చీలు మార్చాను. ఏది వేసినా పొద్దునకల్లా సీటు తడి. చెయ్యి పెడితే... సాగుతుంది."

ఇన్నాళ్లూ వదిన చెవుల్లో పడింది జుర్రుడు కాదు. ఊపిరి.

"అయితే ఆవిడ జబ్బు పేరూ చెప్పండి సార్. ఇద్దరిదీ చెప్పండి."

"పోయినావిడది ఇప్పుడు తవ్వితే నా మెడకి చుట్టుకుంటుంది. ఈవిడది చెప్తాను. అంతటితో వదిలెయ్."

వదిన ఒక్క క్షణం తటపటాయించింది. అత్తగారి ముఖం కళ్లలో మెదిలింది. సరేనంది. అలా అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

కొత్త రికార్డింగు వచ్చింది. పల్మనరీ హైపర్‌టెన్షన్. స్పష్టంగా చెప్పాడు. జుర్రుడు లేనేలేదు. వదిన చకచకా కోడు వేసి, హమ్మయ్య అనుకుంది. డాక్టరు గొంతు ఆగిపోయింది. రికార్డింగు మాత్రం ఇంకా నడుస్తోంది. నిశ్శబ్దం. ఆ తర్వాత... బాగా దగ్గరగా...

జుర్ర్...

"మరి... నాదమ్మా?" డాక్టరు కాదు, ఎవరో ముసలావిడ గొంతు.

హెడ్‌ఫోను లాగి పారేసింది. చెవి తడిగా ఉంది. గోరువెచ్చగా. తుడుచుకుంటే వేళ్లకి తీగలా సాగింది.

ఇంటికి పరుగెత్తింది. ఇంకా ఎండ ఉంది. అత్తగారు మంచం మీద కూర్చుని ఉంది. ఊపిరి కాస్త తేలిగ్గానే ఆడుతోంది. వదిన ప్రాణం కుదుటపడింది.

"జబ్బేమిటో తేలిందత్తయ్యా. ఇక పరీక్ష చేస్తారు. మీకేం భయం లేదు" అంటూ పక్కన కూర్చోబోయింది.

"అక్కడ కాదమ్మా!" అత్తగారు గొంతు తగ్గించింది. ఆమె మంచం చివరికి ఒదిగి కూర్చుంది. మిగతా సగం ఖాళీ. దుప్పటి మాత్రం అక్కడ తడిసి, గుంట పడి ఉంది. పులిసిన వాసన.

"ఇందాకే వచ్చింది పాపం, ఆయాసపడుతూ" అంది అత్తగారు. "వదిన ఇల్లు ఇదేనా అని అడిగింది. నిన్ను వదినా అని పిలిచేది ఎవరే?"